ముందు గీత, తర్వాత రంగు

బాపట్ల దగ్గర సూర్యలంక తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. అందుకే చలికాలంలో పొద్దు నేరుగా సముద్రంలోంచే లేస్తుంది. తెనాలి, రేపల్లె వైపు దృశ్యం వేరు. అంతా పల్లం. కొండ లేదు, గుట్ట లేదు. ఫోటోలో చూపు ఆగడానికి ఒక తాడిచెట్టో, కాలువ గట్టో, వరికుప్పో కావాలి. దాన్ని ఫ్రేములో ఒక పక్కకు పెడితే మిగతా ఖాళీ కూడా అందంగా కనిపిస్తుంది. పొగమంచు ఉన్న పొద్దున అయితే చెట్టు వెనక గందరగోళమంతా దానంతటదే చెరిగిపోతుంది. అంతకంటే మంచి ఎడిటింగ్ ఉండదు!

కెమెరా క్లబ్బులో ఫోటోలు తెర మీద వేస్తే ముందు కంటికి తగిలే తప్పు ఒకటుంది. సముద్రపు గీత వాలిపోయి, నీళ్లన్నీ ఒక పక్కకు కారిపోతున్నట్టు ఉంటుంది. ఎడిటింగులో మొదట సరిచేయాల్సింది అదే. ముందు గీత, తర్వాత రంగు.

రంగు దగ్గరే చెయ్యి జారుతుంది. వరి పచ్చన ఒక్క రకం కాదు. నాటిన కొత్తలో లేత, పొట్ట మీద ముదురు, కోతకు బంగారం. శాచురేషన్ ఎక్కువ పెంచితే ఈ తేడాలన్నీ పోయి, గోడకేసిన పెయింటులా తయారవుతుంది.

రా (RAW) ఫైలులో తీస్తే నీడలో ఉన్న పడవను తర్వాత వెలుగులోకి తేవచ్చు. పూర్తిగా తెల్లబోయిన ఆకాశం మాత్రం తిరిగి రాదు. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోవాలి.

పోటీలకు పంపితే ఇంకో కట్టుబాటు. నేచర్ విభాగంలో లేని కొంగను అతికించకూడదు, ఉన్న కరెంటు తీగను చెరపకూడదు. తీగ అడ్డొస్తే, తీసేటప్పుడే రెండడుగులు పక్కకు జరగాలి.