తల్లి చేతిలో పెట్టిన సీసా

యూత్ మీటింగులో మూత్రం గురించి మాట్లాడటమేమిటని వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ నోరులేని ఆరు నెలల పాప కాలిపోయే జ్వరంతో ఆసుపత్రికి వస్తే, ఆ జ్వరం ఎక్కడ పుట్టిందో చాలాసార్లు ఆ నాలుగు చుక్కలే చెప్పాలి.

వెల్లూరు ఆసుపత్రులకు చిత్తూరు, పలమనేరు వైపు నుంచి మనవాళ్ళు ఎంతమంది వెళతారో మీకు తెలుసు. ఏ ఊళ్ళోనైనా జరిగేదే చెబుతున్నాను. తల్లి చేతికి సీసా ఇచ్చి "యూరిన్ పట్టుకు రామ్మా" అంటారు. ఎలా పట్టాలో చెప్పరు, చెప్పినా ఆమెకు రాని భాషలో చెబుతారు. పాపం, ఆమె తడిసిన గుడ్డ పిండి తెస్తుంది. చర్మం మీది క్రిములు, మలంలోని క్రిములు అందులో కలుస్తాయి. అతికించే ప్లాస్టిక్ సంచీతోనూ అదే చిక్కు. అందులో ఏమీ లేదని వస్తే నమ్మవచ్చు, క్రిములు పెరిగాయని వస్తే నమ్మలేం. జబ్బు లేని బిడ్డకు ఆంటీబయాటిక్, స్కానింగు, ఇంటికి అప్పు. శాంపిల్ తీయకుండా మందు మొదలుపెడితే ఇంకో ప్రమాదం: అసలు జబ్బు దాక్కుంటుంది, కిడ్నీకి మచ్చ పడవచ్చు.

పద్ధతి కష్టమేమీ కాదు. పాలిచ్చి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆగాలి. చేతులు కడుక్కొని, బిడ్డను శుభ్రమైన నీళ్ళతో ముందు నుంచి వెనక్కి తుడవాలి. ఒకరు చంకల కింద పట్టుకొని ఎత్తితే, ఇంకొకరు పొత్తికడుపు మీద మునివేళ్ళతో అర నిమిషం మెల్లగా, వేగంగా తట్టాలి. తర్వాత నడుము దగ్గర వెన్నుకు రెండు పక్కలా అర నిమిషం నిమరాలి. స్పెయిన్ వైద్యులు 80 మంది పసికందులకు ఇలా చేస్తే 86 శాతం మందిలో అయిదు నిమిషాల్లోపే శాంపిల్ దొరికిందని 2013లో ప్రకటించారు. కాస్త పెద్ద పిల్లలకు చల్లటి తడిగుడ్డతో పొత్తికడుపు రుద్దవచ్చు. ఆస్ట్రేలియాలో 2017లో వెలువడిన పరిశోధనలో అలా చేస్తే అయిదు నిమిషాల్లో 31 శాతం మంది పోశారు, ఊరికే కూర్చుంటే 12 శాతమే. మొదటి చుక్కలు వదిలేసి మధ్యధార పట్టాలి, సీసా అంచుకు వేలు తగలకూడదు. బిడ్డ బాగా నీరసంగా ఉంటే డాక్టరు సన్నని ట్యూబుతో తీస్తానంటారు. భయపడి వద్దనకండి.

ఇక గుడియాత్తం సంగతి. నూరేళ్ళ కిందట డాక్టర్ ఐడా స్కడర్ వెల్లూరు నుంచి గుడియాత్తం వెళ్ళే దారిలో చెట్ల కింద ఆగి రోగులను చూసేవారు. అప్పుడు వైద్యం రోడ్డెక్కింది. ఇప్పుడు చిన్న ఊళ్ళ నుంచి సీసా రోడ్డెక్కుతోంది. ఎండలో, బస్సులో ఆ సీసాలో ఉన్న కొద్దిపాటి క్రిములే అరగంటకోసారి రెట్టింపవుతాయి. లాబ్ చేరేసరికి లేని జబ్బు పుడుతుంది. గంటలోపు చేర్చలేకపోతే ఐస్ పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, అదీ ఒక్క రోజుకు మించకూడదు. తల్లి ఎంత జాగ్రత్తగా పట్టినా, ఆ పెట్టె లేక ఆమె కష్టం వృథా అయితే తప్పెవరిది?

మీలో తెలుగు, తమిళం రెండూ వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. పిల్లల వార్డులో ఆ సీసా పట్టుకొని నిలబడిన తల్లి పక్కన, నర్సమ్మ అనుమతితో, వారానికి ఒక్క పూట నిలబడగలిగినవాళ్ళు మాత్రం చేయి దించకండి.