ఒకే తూనికరాయి కావాలి
(మానసిక ఆరోగ్యంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశ రక్షణకై ఇచ్చిన తుపాకి తోటి సైనికులపైకి, నిరాయుధులైన పౌరులపైకి తిరిగినప్పుడు సమాజం ఎటువంటి ప్రశ్నలు వేస్తుంది, ఎవరిని ఏమని నిలదీస్తుంది అన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. ఇది ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారం, మనకేమిటి అని కొందరికి తోచవచ్చు. అక్కడ మొదలయ్యే ఈ మాట హైదరాబాదులోని ఒక ఇంటి గుమ్మం దాకా వస్తుంది. కనుక కాస్త ఓపికతో వినవలసిందిగా మనవి.

2009 నవంబరు 5న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఫోర్ట్ హుడ్ అనే పెద్ద సైనిక స్థావరంలో కాల్పులు జరిగాయి. విదేశీ యుద్ధరంగాలకు వెళ్లే సైనికులకు వైద్య పరీక్షలు, కాగితాల పని పూర్తిచేసే కేంద్రం అది. 13 మంది మరణించారు. 30 మందికి పైగా గాయపడ్డారు. కాల్చినవాడు మేజర్ నిడాల్ హసన్. అతడు సైన్యంలో మానసిక వైద్యుడు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల మనోవేదన విని చికిత్స చేయవలసిన ఉద్యోగం అతనిది. పాలస్తీనా నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులకు వర్జీనియాలో పుట్టిన ముస్లిం. కొద్ది రోజుల్లో అతణ్ణి అఫ్ఘానిస్తాను పంపవలసి ఉంది. 2013 ఆగస్టులో సైనిక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది.

అతణ్ణి సమర్థించే మాట ఒక్కటి కూడా నా నోట రాదు. తాను పిచ్చివాణ్ణని అతడు చెప్పుకోలేదు. విచారణకు తగిన మానసిక స్థితిలోనే ఉన్నాడని తేల్చిన తరువాతే కేసు నడిచింది. నిరపరాధుల ప్రాణాలు తీయడం మన ధర్మంలో మహాపాపం. అమెరికాలోని ముస్లిం సంస్థలు ఆ హత్యాకాండను వెంటనే నిర్ద్వంద్వంగా ఖండించాయి.

అయితే ఆ తరువాత వెలువడిన నివేదికల్లోని ఒక సంగతిని మీ దృష్టికి తేవాలి. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య బ్రతుకు గడిపినవాణ్ణి గనుక నాకది ప్రత్యేకంగా కనబడింది. హసన్ ప్రవర్తనపై వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలోని అధికారి ఒకరు 2007లోనే లిఖితపూర్వకంగా అసంతృప్తి తెలిపారు. అతని మాటల తీరు చూసి సహచరులు కలవరపడ్డారు. విదేశంలోని ఒక తీవ్రవాద బోధకునితో అతడు జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు దర్యాప్తు సంస్థ కంటబడ్డాయి. అయినా వార్షిక నివేదికల్లో అతని పనితీరు భేషని రాశారు. మేజర్ హోదాకు పదోన్నతి ఇచ్చారు. ఫోర్ట్ హుడ్‌కు బదిలీ చేశారు. 2011లో అమెరికా సెనేటు సంఘం తన నివేదికలో ఈ వైఫల్యాన్ని తీవ్రంగా విమర్శించింది.

కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఇబ్బందికరమైన ఉద్యోగి ఒకడుంటే అతణ్ణి పిలిచి మాట్లాడడం కష్టం, చెడ్డ నివేదిక రాస్తే సంజాయిషీలు, అప్పీళ్లు. మంచి నివేదిక రాసి మరొక చోటికి బదిలీ చేస్తే మన బల్ల ఖాళీ అవుతుంది. ఫైలు కదులుతుంది, సమస్య మాత్రం మనిషి వెంటే పోతుంది. మామూలు కార్యాలయంలో దీనివల్ల పని చెడుతుంది. ఆయుధం పట్టే శాఖలో ప్రాణాలు పోతాయి.

ఆ సంఘటన తరువాత ఆ సైన్యంలో పనిచేస్తున్న వేలాది ముస్లింలపై అనుమానపు నీడ పడింది. అదే సైన్యంలో కెప్టెన్ హుమాయూన్ ఖాన్ 2004లో ఇరాక్‌లో తన కింది సైనికులను కాపాడబోయి కారుబాంబుకు బలైనాడు. ఆయన త్యాగానికి ఆయన ఒక్కడే కర్త అన్నారు. హసన్ నేరానికి మాత్రం సమాజమంతా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పుణ్యం వ్యక్తిగతం, పాపం సామూహికం. ఇది ఏ న్యాయశాస్త్రంలోనిది?

ఇక అదే ఫోర్ట్ హుడ్‌లో 2014 ఏప్రిల్ 2న మళ్లీ కాల్పులు జరిగాయి. ఐవాన్ లోపెజ్ అనే సైనికుడు ముగ్గురిని చంపి, పలువురిని గాయపరచి, చివరకు తన్ను తాను కాల్చుకున్నాడు. 2011లో కొన్ని నెలలు ఇరాక్‌లో పనిచేసి వచ్చినవాడు. కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి వంటి వాటికి మందులు వాడుతున్నాడు. సెలవు విషయంలో జరిగిన వాగ్వాదం కాల్పులకు దారితీసిందని దర్యాప్తులో తేలింది. అతడు ముస్లిం కాడు. అతని మతమేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే న్యాయం. అతనికి ఏ వైద్యం అందింది, స్థావరంలో నమోదు కాని తుపాకి అతని చేతికి ఎలా వచ్చింది అని అడిగారు. అవి సరైన ప్రశ్నలు. 2009లో హసన్ వాడిన తుపాకి, 2014లో లోపెజ్ వాడిన తుపాకి రెండూ ఆ ఊరి ఒకే దుకాణంలో చట్టబద్ధంగా కొన్నవి. ఇద్దరి మతాలు వేరు, ఉద్దేశాలు వేరు, మనఃస్థితులు వేరు. దుకాణం మాత్రం ఒక్కటే.

మరొక ఉదాహరణ. 2009 మే 11న బాగ్దాదులోని అమెరికా శిబిరంలో సార్జెంట్ జాన్ రస్సెల్ ఐదుగురు తోటివారిని కాల్చి చంపాడు. అది ఎక్కడ జరిగిందనుకున్నారు? యుద్ధ ఒత్తిడికి చికిత్స చేసే కేంద్రంలో. అతనికది ఇరాక్‌లో మూడో విడత సేవ. అతని మానసిక స్థితి బాగులేదని పైవారు గుర్తించి ఆయుధం తీసివేసుకున్నారు, చికిత్సకు పంపారు. అతడు వెంట వచ్చినవాని తుపాకి లాక్కున్నాడు. మరణించిన వారిలో చికిత్స చేసే అధికారులు కూడా ఉన్నారు. వైద్యుని గది దాకా పంపినంతనే బాధ్యత తీరిపోదని ఈ ఘటన చెబుతున్నది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మానసిక వ్యాధి ఉన్నవారంతా ప్రమాదకరులన్నది అబద్ధం. వారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. హాని జరిగితే తమకు తామే చేసుకుంటారు. అమెరికాలో ఏటా ఆరువేలకు పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు. అందులో పదింట ఏడు తుపాకితో జరుగుతున్నవే. వార్తలకెక్కే కాల్పుల కంటె ఈ మౌన మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. చేతికందే దూరంలో తుపాకి ఉంటే ఒక క్షణపు నిస్పృహ తిరిగిరాని నిర్ణయమవుతుంది. ఆ క్షణం దాటిపోతే బ్రతికేవారెందరో ఉంటారు.

ఇప్పుడు మన గుమ్మానికి వద్దాం. 2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్ - ముంబయి ఎక్స్‌ప్రెస్‌లో, మహారాష్ట్రలోని పాల్ఘర్ సమీపంలో, రైల్వే రక్షణ దళం కానిస్టేబులు ఒకడు తన పై అధికారిని కాల్చాడు. ఆపై వేర్వేరు బోగీల్లోని ముగ్గురు ప్రయాణికులను కాల్చాడన్నది అభియోగం. ఆ ముగ్గురూ ముస్లింలే. వారిలో ఒకరు హైదరాబాదు నివాసి. ఆయన భార్యాపిల్లలు మన మధ్యనే ఉన్నారు. శవం పక్కన నిలిచి నిందితుడు మాట్లాడిన మాటల దృశ్యాన్ని దేశమంతా చూసింది. హత్యతో పాటు మతాల మధ్య వైరం పెంచాడన్న అభియోగం కూడా మోపారు. బెయిలు కోరినప్పుడు మానసిక అస్వస్థతను కారణంగా చూపగా న్యాయస్థానం నిరాకరించింది.

మొదటి రోజే కొన్ని వార్తాసాధనాలు నిందితునికి మతి స్థిమితం లేదని తీర్పు చెప్పేశాయి. హంతకుడు ముస్లిం అయితే మతం, హతుడు ముస్లిం అయితే మతిభ్రమణం! ఇదీ నేటి తూనిక. మనం దీనికి బదులుగా మరో దొంగ తూనిక పట్టుకోరాదు. నిందితుడు నిజంగా రోగి అయితే, ఆ సంగతి వైద్యులు పరీక్షించి న్యాయస్థానానికి చెప్పాలి. అతడు రోగి అని తెలిసే ఆ స్వయంచాలక తుపాకి ఇచ్చి పంపారా అన్న ప్రశ్నకు శాఖ జవాబు చెప్పాలి. రోగి కాకుంటే విద్వేషాన్ని విద్వేషమనే పిలవాలి. వ్యాధి ఉన్నంత మాత్రాన విద్వేషం లేదని కాదు. రోగి మనసు కూడా చుట్టూ వీచే గాలినే పీలుస్తుంది, ఆ గాలిలో విషం నింపినవారు తప్పించుకోరాదు.

మన జవాన్ల కష్టం కూడా మరువరాదు. 2021 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా లింగంపల్లి సి.ఆర్.పి.ఎఫ్. శిబిరంలో ఒక జవాను కాల్పులకు నలుగురు తోటి జవాన్లు బలైనారు. క్షతగాత్రులను మన భద్రాచలం ఆసుపత్రికి తెచ్చారు. అడవిలో నెలల తరబడి కాపలా, దొరకని సెలవు, ఊళ్లో అప్పు, అనారోగ్యంతో ఉన్న తల్లి, ఎవరితో చెప్పుకున్నా పిరికివాడంటారన్న భయం, వీటన్నిటి మధ్య చేతిలో నిండు తుపాకి. ఆ జవాను ఏ మతస్థుడైనా అతనికి సకాలంలో సెలవు, రహస్యం కాపాడే వైద్యుడు, చికిత్స తీసుకున్నా ఉద్యోగం పోదన్న హామీ అడగడం కూడా మైనారిటీ హక్కుల ఉద్యమం చేయవలసిన పనేనని నా అభిప్రాయం. అతని మనసు కుదుటగా ఉంటేనే రైలులో మన బిడ్డ క్షేమంగా ఉంటాడు.

చివరిగా మన ఇళ్ల సంగతి. మనసు చెదిరిన బిడ్డను చూచి 'అసర్' అంటాం, 'జిన్' అంటాం, తావీదు కట్టి దర్గాల వెంట తిప్పుతాం. పెండ్లి సంబంధాలు చెడతాయని నోరు నొక్కేస్తాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపాన, గొలుసులతో కట్టివేసిన 28 మంది మనోరోగులు పాకకు నిప్పంటుకొని పారిపోలేక కాలిపోయారు. ప్రార్థన వద్దని నేననడం లేదు. ప్రార్థన చేస్తూనే వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధ. పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ దేహ వ్యాధులతో సమానంగా మనోవ్యాధులను చర్చిస్తూ గ్రంథం రాశారు. కైరోలో 1284లో కట్టిన మన్సూరీ వైద్యశాలలో మనోరోగులకు వేరే విభాగం ఉండేది. ఆ వారసత్వం మనది. గొలుసు మనది కాదు.

చేయదగిన పనులు నాలుగు చెబుతాను. ఒకటి, ప్రతి మసీదు ప్రకటన పలకపై ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ సంఖ్య టెలి మానస్ 14416 రాసిపెట్టాలి. రెండు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు అని, బీమాలో మనోవ్యాధికి కూడా చోటివ్వాలని కుటుంబాలకు తెలియజేయాలి. ఎర్రగడ్డ ఆసుపత్రికి వెళ్లడం అవమానం కాదని మన ఇమాములు ఖుత్బాలో చెప్పాలి. మూడు, రైలు కాల్పుల కేసు వాయిదాలను మన న్యాయవాదులు శ్రద్ధగా గమనిస్తూ, బాధిత కుటుంబాలకు అండగా ఉండాలి. నాలుగు, ఆయుధం ధరించే ప్రతి ఉద్యోగికి నిర్ణీత కాలానికొకసారి మానసిక పరీక్ష జరపాలని, విద్వేష భాషణ చేసిన వాని చేతి నుంచి ఆయుధం తొలగించాలని కోరుతూ మహజరు సిద్ధం చేయాలి. దాని చిత్తుప్రతి నేను రాసి తెచ్చాను. సంతకాల కాగితం ద్వారం వద్ద బల్లపై ఉంది.

నేరానికి న్యాయం, రోగానికి వైద్యం, మతమేదైనా ఒకే తూనికరాయి. మనం కోరేది ఇంతే. ఇంతకు తక్కువకు ఒప్పుకోకండి, ఎదుటివారికీ ఇంతకు తక్కువ ఇవ్వకండి.