ముందు గాలి తీయాలి, తరువాతే టైరు విప్పాలి

(నల్లమాడలో పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి ఇటువంటి సమావేశాల్లో తరచు చెప్పుకుంటూనే ఉంటాం. ఈ రోజు టైరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాం. పాలకూ టైరుకూ సంబంధమేమిటని అనుకోవద్దు. చేని నుంచి మేత కొట్టానికి వచ్చేదీ, పాల క్యాన్లు శీతలీకరణ కేంద్రానికి చేరేదీ టైర్ల మీదనే. ఎండాకాలంలో పితికిన పాలు చల్లబరచకుండా కొన్ని గంటలుంటే చెడిపోతాయి. అందుకే దారిలో కంపముల్లు దిగితే తొందర పుడుతుంది. ఆ తొందరలోనే చేతులూ కళ్ళూ పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

గాలి టైరును వాడుకలోకి తెచ్చినవాడు ఒక పశువైద్యుడే. స్కాట్లండులో పుట్టి బెల్‌ఫాస్టులో వైద్యం చేసిన జాన్ బాయిడ్ డన్లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరు తయారుచేసి, 1888లో పేటెంటు పొందాడు. టైర్లు వేసిన ఎడ్లబండిని మనం డన్లప్ బండి అనేది ఆ పేరుతోనే. ఎద్దుకు శ్రమ తగ్గించిన ఆ గాలికే మనిషిని ఎత్తి పారవేసే బలమూ ఉంది.

ఆ బలమెంతో లెక్క చూడండి. లారీ టైరులో చదరపు అంగుళానికి సుమారు 100 పౌండ్ల గాలి ఉంటుంది. చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు. అంటే ఒక్క చదరపు అడుగు మీద 14,400 పౌండ్లు, సుమారు ఆరున్నర టన్నులు. పాత రకం లారీ చక్రాలకు ప్రక్కన లాకు రింగు ఉంటుంది. అది గాడిలో సరిగా కూర్చోకపోతే, గాలి పట్టేటప్పుడు గుండు దెబ్బలా ఎగిరివస్తుంది. ఇటువంటి ప్రమాదాల వల్లనే అమెరికాలో 1980లో ప్రత్యేక నిబంధన చేసి, ఆ చక్రాలను ఇనుప పంజరంలో పెట్టి గాలి పట్టాలన్నారు. లాకు రింగు ఉన్నది లారీ చక్రమైనా, ట్రాలీ చక్రమైనా ఇంటివద్ద విప్పవద్దు. షాపుకే పంపండి.

స్కూటర్లకు, కొన్ని ఆటోలకు రిమ్ము రెండు రేకులుగా ఉంటుంది. చక్రాన్ని బండికి బిగించే నట్లు వేరు, రెండు రేకులను కలిపే నట్లు వేరు. గాలి ఉండగా రెండో రకం నట్లు విప్పితే రేకు ముఖం మీదికే వస్తుంది.

ఇక ఒకే రిమ్ముగా ఉండే బండి చక్రం, ట్రాక్టరు ముందు చక్రం మనం చేతితో మార్చుకోవచ్చు. క్రమం ఇది.

బండిని గట్టి నేల మీద ఆపి, మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. చక్రం నేలమీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. తరువాత జాకీ ఎత్తి, ఇరుసు క్రింద చెక్కదిమ్మెలు పేర్చండి. జాకీ ఒక్కదానినే నమ్మి క్రింద దూరవద్దు.

వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వండి. అప్పుడు టైరు అంచును రెండు వైపులా రిమ్ము నుంచి వదిలించి, సబ్బునీళ్ళు పూయండి. ఒక వైపు అంచును రిమ్ము నడిమి గాడిలోకి కాళ్ళతో త్రొక్కిపట్టి, ఎదుటివైపు లీవరుతో కొద్దికొద్దిగా లేపండి. అంచు గాడిలోకి దిగితే పని సులువు. దిగకపోతే గడ్డపార వేసినా రాదు, అంచు లోపలి తీగ మాత్రం తెగుతుంది.

ట్యూబుకు అతుకు వేయగానే పని అయిపోలేదు. టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు వెదకి తీయండి. లేకుంటే మరునాడు అదే ముల్లు మళ్ళీ దిగుతుంది. ఎక్కించేటప్పుడు ట్యూబులో కొంచెం గాలి ఉంచితే మడతపడదు, లీవరు క్రింద నలగదు. బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిక్కుకు ఉండాలి.

గాలి పట్టేటప్పుడు చక్రానికి ఎదురుగా నిలబడవద్దు, మీదికి వంగవద్దు. పిల్లలను దూరంగా పంపండి. అంచు కూర్చోలేదని గాలి పెంచుకుంటూ పోవద్దు. గాలి తీసి, సబ్బునీళ్ళు పూసి, మళ్ళీ పట్టండి. ట్రాక్టరు వెనుక టైరు అంచు కూర్చోబెట్టడానికి 35 పౌండ్లు మించరాదని తయారీదారులు సాధారణంగా హెచ్చరిస్తారు. ఆ టైరు బరువైనది, కొందరు నీళ్ళు కూడా నింపుతారు. కనుక దానిని ఒంటరిగా దింపవద్దు. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగు అసలే చేయించవద్దు. గాలి తీసినా లోపల ఆవిరి పుట్టి ప్రేలవచ్చు.

చక్రం బిగించేటప్పుడు నట్లను ఎదురెదురుగా బిగించి, కొంత దూరం పోయాక మరొకసారి పాన వేసి చూడండి.

ప్రతి సంఘంలోనూ ఒక గాలి మీటరు, రెండు మంచి లీవర్లు, నాలుగు చెక్కదిమ్మెలు ఉంచుకోవాలని మా సూచన. ఒక పూట పాలు చెడితే నష్టం ఆ పూటదే. పాలు తెచ్చే మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టం ఏ బోనసుతోనూ పూడదు. ఈ మాట ఇంట్లో ట్రాక్టరు నడిపే కుర్రవాళ్ళకు తప్పక చెప్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.