పదుగురు కూడి చదువదగిన అపరాధ పరిశోధక నవలలు



విజయవాడకు తూర్పున, బందరు రోడ్డుననున్న పటమట ఒకప్పుడు వేరు గ్రామము. నేడది నగరములో కలిసిపోయినది. అచ్చట మేము తొమ్మండుగురము ప్రతి ఆదివారము సాయంకాలము మా ఇంటి వసారాలో కూర్చుండి ఒక పుస్తకమును కలిసి చదువుకొనుచుందుము. తపాలా శాఖలో పనిచేసి విరమించిన గుమాస్తా యొకరు, మందుల దుకాణము నడుపు వారొకరు, ఇద్దరు గృహిణులు, కళాశాలలో చదువు యువకులు మువ్వురు, న్యాయవాది యొకరు, తొమ్మిదవవాడను నేను. ఈ అలవాటు మా ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1914లో ఆంధ్రదేశమందలి గ్రంథాలయములవారు తొలిసారిగా సభ తీరినది బెజవాడలోనే. అక్షరము రానివారు సైతము, ఒకరు చదువగా చుట్టు కూర్చుండి వినుట ఆనాటి పఠనమందిరములకు వాడుకయై యుండెను.

మేము మొదటి రెండేండ్లు భాగవతమును, పిమ్మట పింగళి సూరన కళాపూర్ణోదయమును చదివితిమి. మూడవ యేట పిన్నవారు డిటెక్టివు నవలలు చదువుదమనిరి. నేను సమ్మతింపలేదు. అప్పుడు గృహిణులలో నొకరు, “మాస్టారూ, చిన్నతనమున మీరు చదువలేదా?” అని అడిగిరి. అబద్ధమాడ నోరు రాలేదు.

నా బాల్యమున, అనగా 1970 ప్రాంతమున, మా వీధి మొగను ఒక అద్దె పుస్తకముల దుకాణముండెడిది. 1926లో తెనాలిలో జన్మించిన కొమ్మూరి సాంబశివరావుగారి పుస్తకములు అందు అరలలో నిలిచి యుండెడివి కావు. ఒక చేతినుండి మరియొక చేతికి పోవుచునే యుండెడివి. ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధరును, సహాయకుడగు రాజును ఎరుగని బాలుడు మా తరగతిలో లేడు. నేను అమరకోశమును పైకి వల్లించుచు, దాని నడుమ యుగంధరును దాచి చదివినవాడను. మా నాయనగారు కనిపెట్టిన దినమున నా చెవి మెలిపడినది. యుగంధరు మాత్రము మరునాడే మరల వచ్చెను.

ఈ నవలలు మన భాషకు నిన్నమొన్న వచ్చినవి కావు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే పాంచ్‌కడి దే మున్నగు వంగ రచయితల అపరాధ పరిశోధక కథలు తెలుగు చేయబడినవి. సమగ్ర ఆంధ్ర సాహిత్యమును రచించిన ఆరుద్రగారే ‘అణాకొక బేడ స్టాంపు’, ‘పలకల వెండిగ్లాసు’ అను నవలలను వ్రాసిరి. బేడ యనగా రెండణాలు. రెండణాల స్టాంపు ఒక అణాకు ఎట్లు వచ్చినది? పుస్తకము తెరువకముందే ప్రశ్న పుట్టినది గదా! ఇట్టి పెద్దలు చేపట్టిన దానిని తక్కువగా చూచుటకు నేనెవడను? సరే యంటిని. అయితే ఏ పుస్తకములు చదువవలె ననునది తేలవలసి వచ్చినది. ఆ నిర్ణయము చేయుటలో నాకు తెలిసివచ్చిన విషయములనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

డిటెక్టివు చేయు పని మన తార్కికులకు చిరపరిచితము. కొండపై పొగ చూచి అచ్చట నిప్పున్నదని తెలిసికొనుట అనుమాన ప్రమాణము. పొగయున్న చోటనెల్ల నిప్పుండును. కాని నిప్పున్న చోటనెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. ఈ భేదము మరచి వెనుకముందులుగా తర్కించుటను హేత్వాభాస మందురు. అనగా హేతువువలె కనబడునదియే గాని హేతువు కానిది. మంచి అపరాధ పరిశోధక నవల ఆద్యంతము హేత్వాభాసముల పరీక్షయే.

శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకమును స్మరింపుడు. అది న్యాయసభ. వసంతసేనను చంపినాడను నేరము చారుదత్తునిపై మోపబడినది. ఆమె అతని యింటికి పోయినదని తల్లి చెప్పినది, నిజమే. ఆమె నెక్కించుకొని అతని బండి తోటకు పోవుచున్నదని తాను వినినట్లు వీరకుడు చెప్పినాడు. అట్లు వినినది నిజమే. తోటలో ఒక స్త్రీ శవము కనబడినది, అదియు నిజమే. ఆమె నగలు చారుదత్తుని మిత్రుని చంకనుండి సభలోనే జారిపడినవి, ఇదియు నిజమే. చెప్పిన సాక్షులు బొంకలేదు, కనబడిన వస్తువు మాయ కాదు, కాని తేలిన నిర్ణయము శుద్ధాబద్ధము. వసంతసేన బ్రతికియే యున్నది. మరికొంత ఆలస్యమైనచో నిర్దోషి కొరతకు బలియై పోయెడివాడు. నిజములన్నియు కూడి ఒక అబద్ధమును నిలువబెట్టగలవని మన పూర్వులు ఎంత చక్కగా ఎరిగియుండిరి!

ఈ నాటకమును నేను పాఠశాలలో ఎన్నియో మారులు కథగా చెప్పితిని. చెప్పిన నేనే ఒకనాడు దానిని మరచితిని. ముప్పది యేండ్ల క్రిందట, నేను పనిచేయుచుండిన ఒక పాఠశాలలో, పిల్లలవద్ద వసూలు చేసిన పరీక్ష రుసుములో నూట యిరువది రూపాయలు కనబడలేదు. విరామ సమయమున ఒక బాలుడు నా బల్లయొద్ద నిలిచి యుండగా ఇద్దరు చూచిరి. వాని తండ్రి బాపట్ల దాపుననున్న స్టూవర్టుపురమునుండి వచ్చి మా ఊర కూలి చేసుకొనువాడు. అంతే, నాకు వేరు రుజువు అక్కరలేకపోయినది. నలుగురిలో వానిని నిలబెట్టి అడిగితిని. వాడు తీయలేదనెను. రెండవసారి అడిగితిని. వాడు మారు పలుకలేదు. ఆ మౌనమునే ఒప్పుకోలుగా తీసికొంటిని. మరునాటినుండి వాడు బడికి రాలేదు. పదునైదు దినములకు హాజరుపట్టీకి నేనే తొడిగిన కాగితపు అట్ట మడతలో ఆ రూపాయలు దొరికినవి. నేను వారి గుడిసెకు పరుగెత్తితిని. వారు ఊరు విడిచి పోయిరి. ఆ బాలునికి నేను చెప్పవలసిన మాట నేటికిని చెప్పలేదు.

స్టూవర్టుపురము సంగతి మీలో పెక్కురు ఎరుగుదురు. నేరము చేసినను చేయకున్నను, పుట్టుకచేతనే కొన్ని జాతులవారు నేరస్థులని శాసించిన చట్టము 1871లో వచ్చినది. 1911లో అది మద్రాసు రాజధానికిని వ్యాపించినది. ఎరుకలవారిని కాపుపెట్టి యుంచుటకై ఏర్పడిన వాడలలో నొకటి ఆ యూరు. 1952లో ఆ చట్టము రద్దయినది. కాగితముపై రద్దయినదేగాని, పండితుడనని చెప్పుకొను నా మనస్సులో నలువది యేండ్ల తరువాతను అది అమలులోనే యున్నది. పుట్టుక హేతువు కాదు, హేత్వాభాసము.

కావున పుస్తకముల నెన్నుకొనుటలో నాకు తోచిన మొదటి నియమమిది: దొంగను పట్టుకొనుటకంటె, దొంగయని తలపబడినవానిని విడిపించుటయందు ఎక్కువ శ్రద్ధగల నవలను ఎన్నుకొనవలెను. రెండవది: పరిశోధకునికి దొరికిన ఆధారములన్నియు పాఠకునికిని దొరకవలెను. ఆంగ్ల రచయిత రోనాల్డు నాక్సు 1929లో ఇట్టి కథలకు పది నియమములు కూర్చెను. ఆధారములను దాచరాదు, భూతప్రేతములచేత చిక్కు విడదీయించరాదు అనునవి అందులోనివి. మూడవది: నేరస్థుడెవరో తెలిసిన పిమ్మటకూడ మరల చదువదగినదిగా నుండవలెను. రహస్యము తీరగనే విసరివేయదగిన పుస్తకము రైలు ప్రయాణమునకు చాలును. పదుగురు కూడి చదువుట కది చాలదు.

ఈ నియమములనుబట్టి మేము మొదట విల్కీ కాలిన్సు రచించిన ‘మూన్‌స్టోన్’ను తీసికొంటిమి. ఇది 1868లో వెలువడినది. 1799లో శ్రీరంగపట్టణము ముట్టడి జరిగినపుడు అపహరింపబడిన ఒక దేవతా వజ్రము ఆంగ్లదేశమునకు చేరి, అచ్చట ఒక యింటినుండి రాత్రికి రాత్రి మాయమగును. కథ కల్పితమే యైనను, తనకు ఆధారమైన రత్నములలో కోహినూరు ఒకటియని రచయితయే పీఠికలో చెప్పినాడు. ఆ కోహినూరు మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరికినదే యని ప్రతీతి. ఇక ఈ నవలలో కథ నొక్కరు చెప్పరు. సాక్షులు ఒకరి వెనుక నొకరు వచ్చి, తాము చూచినంతమట్టుకే చెప్పి తొలగిపోవుదురు. ప్రత్యక్షమునకు ఎల్ల యెక్కడనో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

పిమ్మట కోనన్ డాయిల్ వ్రాసిన ‘బాస్కర్‌విల్లుల వేటకుక్క’. ఇది 1902లో పుస్తకమైనది. చింతచెట్టు దయ్యముల కథలు వినుచు పెరిగిన మన పల్లెలవారికి ఇది మిక్కిలి దగ్గరి కథ. దీనిని చదువునపుడు కాగితమును రెండుగా మడచి ఒక ప్రక్క చూచినవి, ఒక ప్రక్క వినినవి వ్రాసికొనుడు. వినిన ప్రక్క ఎంత త్వరగా నిండునో చూడుడు. అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన ‘రోజర్ ఏక్రాయిడు హత్య’ను గూర్చి నేనేమియు చెప్పను. అది న్యాయమైన కథయా, పాఠకుని వంచించిన కథయా యని ఆనాడే వాదములు రేగినవి. మీరును చదివి వాదించుకొనుడు.

చరిత్రయం దిష్టముగలవారు జోసెఫిన్ టే రచించిన ‘కాలపుత్రి’ని విడువరాదు. ఇది 1951 నాటిది. కాలు విరిగి ఆసుపత్రి మంచముపై పడియున్న ఒక పోలీసు అధికారి, 1485లో మరణించిన మూడవ రిచర్డు రాజు నిజముగ తన అన్న కొడుకులను చంపించెనా యని, కేవలము పుస్తకముల సాయముతో విచారించును. ఆయన తీర్పును చరిత్రకారులందరు ఒప్పుకొనలేదు. అయినను, నాలుగువందల యేండ్లకు పైబడి మోయబడిన నిందనుకూడ మరల విచారింపవచ్చునను ధైర్యము ఆ పుస్తకమిచ్చును. తెలుగున కొమ్మూరివారి దొకటి, ఆరుద్రగారి దొకటి వీనితో చేర్చితిమి.

డాయిల్ వ్రాసిన ‘నలుగురి గురుతు’ను నేను వలదంటిని. 1890 నాటి ఆ కథలో అండమాను దీవివాసిని మృగమువలె వర్ణించిరి. మా న్యాయవాది, “అందుకొరకే చదువవలె నండి. విషము సీసాపై చీటి యుండవలెను గాని, సీసా నెరుగకుండుట రక్షణ కాదు” అనిరి. మందుల దుకాణదారు వారినే సమర్థించిరి. నేను ఓడిపోతిని. దానిని చదివిన దినముననే స్టూవర్టుపురమును గూర్చియు మాటలాడుకొంటిమి.

చదువు విధమును రెండు మాటలలో చెప్పుదును. ఆంగ్లము రానివారికొరకు ప్రతి అధ్యాయము వెంటనే తెనుగున చెప్పుకొందుము. ముందే చదివినవారు నోరు మెదపరాదు. చివరి ఘట్టమునకు ముందు పుస్తకము మూసి ఒక వారము ఆగుదుము. ప్రతివారును ఒక చీటిపై నేరస్థుడెవరు, ఏ ఆధారముచేత అట్లు తలచితిరి అను రెండును వ్రాసి మరచెంబులో వేయవలెను. పలువురు చేరుటవలన కలుగు లాభము అప్పుడు తెలియును. ‘మూన్‌స్టోన్’లో ఒక తలుపునకు వేసిన పచ్చిరంగు ఎవరి బట్టకో రాచుకొని చెదరియుండును. మగవారమెల్ల ఆ గదిలోనికి ఎవరు పోయిరని తర్కించుచుండగా, మా గృహిణి యొకరు, “ఆ యింటి బట్టలు ఉతుకువారెవరు? చాకలిపద్దు చూచిరా?” అనిరి. కథలోని పరిశోధకుడు కోరినదియు సరిగా అదియే!

ఆ వారము చెంబు బోర్లించి చీటీలు చదివితిమి. నా చీటిలో రోసన్నా అను పనికత్తె పేరున్నది. ఆమె పూర్వము దొంగతనము చేసి శిక్ష ననుభవించి, బుద్ధి మార్చుకొని ఆ యింట చేరినది. నా యూహ నిజమా కాదా యన్నది మీకు చెప్పను. పుస్తకమునకు ద్రోహము చేయరాదు. కాని ఆధారము వ్రాయవలసిన చోట నేనేమి వ్రాసితినని న్యాయవాది చూచిరి. ఆ చోటు ఖాళీగా నున్నది.

వసారాలో అందరు నవ్విరి. నేనును నవ్వితిని. వారు వెడలిపోయిన పిమ్మట చాలసేపు దీపము ఆర్పక అచ్చటనే కూర్చుంటిని. ముప్పది యేండ్లు గడచినను ఆ చోటును నింపకయే పేరు వ్రాయు అలవాటు నన్ను విడువలేదు. ఒంటరిగా చదివియుండిన యెడల పుట తిప్పి ముందునకు పోయెడివాడను. ఎనమండుగురి యెదుట చదువుటచేత పట్టుబడితిని. కలిసి చదువుటలోని ప్రయోజన మిదియే.

మీ ఊరను నలుగురు కూడి ఇట్టి పుస్తకము నొకటి చేపట్టుడు. ఎవరి పేరైనను వ్రాయుటకు ముందు, ఆధారమునకు విడిచిన చోటును ఒక్కసారి చూచుకొనుడు. ఇక సెలవు.