మూతబడిన యంగళ్లు – నివాసగృహములు



వేగవతీ తీరమందలి మన సాలూరున వీధివైపున అంగడియు, వెనుక కాపురమును ఒకే కప్పుక్రింద నుంచుట పెద్దలెఱిగిన పద్ధతియే. నేడు మనలో గొందఱి యంగళ్లు తాళములతో నుండ, మన పేదకుటుంబములే అద్దెయిండ్లకై తిరుగుచున్నవి.

అయితే, తాళము దీసినంతనే అంగడి యిల్లు గాదు. గాలి చొరని గదిలో పసిబిడ్డ లెట్లు పెరుగుదురు? 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసపు గదికి 9.5 చదరపు మీటర్ల వైశాల్యమును, 2.4 మీటర్ల వెడల్పును కనిష్ఠముగా జెప్పుచున్నది. చాలనిచో రెండంగళ్లను గలుపవలెను. కాని బరువు మోయు గోడను ఇంజనీరు నడుగక కదపరాదు. పురపాలక సంఘపు అనుమతి గైకొని, వెనుకకు కిటికీ, పొగగొట్టము, మరుగుదొడ్డి, కుళాయి యేర్పఱుపుడు.

దాతలారా! ఒక్కొక్కరొక యంగడిని దిక్కులేని కుటుంబమునకు స్వల్పమగు అద్దెకొసంగినను ఈ మహాసభ సార్థకమగును.