తేటనీరు – శుద్ధజలము



రెండు కడవలు ఎదుట నున్నవనుకొనుడు. ఒకదానియందు వానకాలపు చెరువునీరు బురదగా నున్నది. రెండవదానియందు లోతైన గొట్టపుబావి నీరు అద్దమువలె తేటగా నున్నది. తల్లి బిడ్డకు దేనిని ముంచి యిచ్చును? తడుముకొనక రెండవదానినే యిచ్చును. అనంతపురపు మెట్టసీమలో ఈ తీర్పును కన్నునకే విడిచిన ఫలితము పెక్కుచోట్ల బిడ్డల పలువరుసపై కానవచ్చును.

బురదనీరు విజాతీయ మిశ్రమము. అందు మన్ను ఒకచోట నెక్కువ, మరొకచోట తక్కువ. కదల్పక యుంచిన అడుగున పేరును. చిల్లగింజ అరగదీసి కలిపినను, పటిక త్రిప్పినను త్వరగా తేరును. చేటలోని బియ్యము, రాళ్లవలె అది వేరుపడుటకు సిద్ధముగానే యుండును.

ఉప్పు కరగిన నీరు సజాతీయ మిశ్రమము. పైచుక్కకును అడుగుచుక్కకును రుచి యొక్కటే. ఎన్నినాళ్లుంచినను పేరదు, ఎన్ని మడతల గుడ్డయైనను ఆ యుప్పును ఆపజాలదు. పాలు మాత్రము కన్నును మోసగించును. ఒక్కటిగా తోచినను, సూక్ష్మదర్శినిలో వెన్నబొట్లు విడివిడిగా తేలుచుండును.

అయితే సజాతీయమైనదెల్ల శుద్ధపదార్థము కాదు. పళ్లెములో నీటిని ఇగిర్చి చూడవలెను. శుద్ధజలము ఏమియు మిగుల్పదు. బావినీరు తెల్లని చారను మిగుల్చును.

ఆ కరగినవానిలో ఫ్లోరైడు ఒకటి. గ్రానైటు శిలలలోని ఖనిజములనుండి అది నీటిలో చేరును. నీటిలో దానికి రంగు లేదు, వాసన లేదు. మితిమీరిన పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసిపోవును. ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిరి. భారత ప్రమాణము ప్రకారము లీటరునకు 1 మిల్లీగ్రాము మేర. వేరు నీరు లేనిచోట 1.5 వరకు అనుమతి. కాచిన ఫ్లోరైడు పోదు. నీరు తగ్గి అది మరింత చిక్కనగును. గుడ్డ వడపోతయు వ్యర్థమే. నల్గొండ పద్ధతియందు నీటిని పరీక్షించి, తగిన మోతాదున సున్నమును పటికయు కలిపి, తేర్చి వడకట్టుదురు. 1990 దశకమున శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము ఈ జిల్లాలో వందలాది గ్రామములకు నీరందించినది. అయినను, వేసవిలో గొట్టపుబావినే నమ్ముకొను ఇంటికి ఈ వివేకము తప్పదు.

పాలను నీటిని వేరుచేయు హంస కవుల కల్పన. కరగినదానిని తెలుపునది ప్రయోగశాలయే. ఊరి ప్రతి బావినీటిని పరీక్షింపజేసి, వచ్చిన యంకెను గ్రంథాలయపు గోడపై అందరు చదువునట్లు వ్రాసియుంచుట ఈ రజతోత్సవమునకు తగిన కార్యము. చదువు వచ్చినవారు రానివారికి దానిని చదివి వినిపింతురు గాక!