దినదినము దిద్దుకొనవలసిన పని



పనిచోటనగా కర్మాగార మొక్కటియే కాదు. పదిమంది కూలీలు కోతకు వచ్చిన మిరపతోటయు, కాయ యెండుచున్న కల్లమును పనిచోట్లే. అచ్చటి పని యేటికేడు మెరుగగుచున్నదా యని మనము ప్రశ్నించుకొనుట యరుదు. ఈ విషయమున నాకు బుద్ధి వచ్చిన విధమును విన్నవించెదను.

కొన్ని యేండ్ల క్రిందట నా మిరపకాయను కల్లమున నేలమీదనే పోయించితిని. తాలుకాయ లేరుచున్న యొక ముసలమ్మ, "అయ్యా, అడుగుకాయ చెమ్మ పడుతోంది. పరదా వేయించరాదా?" అనెను. "నలువదియేండ్లుగా ఎండబెట్టుచున్నవానికి నీవు నేర్పుదువా?" యని కసరితిని. ఆమె మరల నోరెత్తలేదు. గుంటూరు యార్డులో వ్యాపారి బస్తా నడుమ చేయిపెట్టి తీసిన కాయలలో బూజు కనబడెను. ఆ సరకును అగ్గువకు విడిచివచ్చితిని. ధర తగ్గుట కంటె, ముందే చెప్పిన మాటను త్రోసివేసితినన్న చింతయే నన్నెక్కువ బాధించెను.

బూజు చిన్న సంగతి కాదు. చెమ్మ మిగిలిన కాయలో కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమునకు హాని చేయును. అది మితిమీరిన సరకును విదేశములవారు త్రిప్పి పంపుదురు. కాయలో తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగువరకు ఎండవలెను.

ప్రత్తియు మనకీ పాఠమునే నేర్పినది. 1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలపై తెల్లదోమ విరుచుకుపడెను. పురుగు చావకున్న మందు హెచ్చించుట, అప్పటికిని చావకున్న రెండు మందులు కలుపుట మన పద్ధతి యయ్యెను. దానివలన మేలుచేయు పురుగులు నశించెను. దోమ మందులకు లొంగక బలపడెను. ఆకు త్రిప్పి చూచి, పురుగును లెక్కించి, పిదప మందు కొట్టువారు కొలదిమందియే. తప్పును రెట్టింపు చేయుట దిద్దుబాటు కానేరదు.

జపానువారు దినదినము చేసికొను చిన్నదిద్దుబాటును కైజెన్ అందురు. టయోటా మోటారు కర్మాగారమున పనివారి సూచనలను స్వీకరించు పద్ధతి 1951లో ఆరంభమైనది. లోపము కనబడినచో పని నాపించు నధికారము సామాన్య పనివానికిని అచ్చట కలదు. యజమాని కంటబడని లోపము పనిచేయు చేతికి ముందుగా తెలియునని వారి నమ్మకము.

ఇప్పుడు నేను వారమున కొకసారి, కూలి చెల్లించిన పిమ్మట, అందరిని కూర్చుండబెట్టి మూడు ప్రశ్న లడుగుదును: ఈ వారము ఏది వ్యర్థమైనది? ఏ పని కష్టమైనది? ఏమి మార్చవలెను? చెప్పినది తేదీతో పుస్తకమున వ్రాయుదును. ఒక్కసారి ఒక్క మార్పే చేయుదును; అదియు ముందు కొద్దిపాటి సరకుపైననే. ఫలింపనిచో మానుదుము, చెప్పినవారిని నిందింపము.

మొదటి రెండు వారములు ఎవరును మాటాడలేదు. నోరు మూయించుట కొక్క కసరు చాలును. తెరపించుటకు నెలలు పట్టును. నా పుస్తకమున మొదటి పుటలో పరదామాట వ్రాసి, ఆ ముసలమ్మకు చదివి వినిపించితిని. ఆమె నవ్వి, రెండవ లోపము చెప్పెను.

పెద్దలారా, మీ కల్లములలో చెప్పబడక మిగిలిన మాట లెన్నియో! నేటి సాయంకాలమే యడిగి చూడుడు.